ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్

ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ (డిసెంబర్ 16, 1857 - ఫిబ్రవరి 6, 1923) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ ఖగోళ శాస్త్రవేత్త, ఆకాశ ఛాయాచిత్రకారుడు. గురుగ్రహపు అయిదవ ఉపగ్రహమైన అమాల్తియాను కనుగొన్నది ఈయనే. ఆకాశంలో అన్నిటికన్నా వేగంగా స్థానం మార్చుకునే నక్షత్రాన్ని ఈయన పేరు మీదుగా బర్నార్డ్ నక్షత్రం అని పిలుస్తారు. అయితే ఈయన జీవితంలో అధిక భాగం పాలపుంతను ఛాయాచిత్రాలలోకి ఎక్కించటానికే ఖర్చయింది. ఆ చిత్రాలలో నక్షత్రాల గుంపుల నడుమ నల్లని మచ్చలు కనిపించాయి. అవి ఆకాశంలోని ఖాళీలా, లేక వెనుక ఉన్న నక్షత్రాలను కప్పివేస్తున్న పదార్థమా అన్న ప్రశ్న ఈయనను ఇంచుమించు పాతికేళ్ళకు పైగా వెంటాడింది. పాఠశాలలో రెండు నెలలకు మించి చదవని వ్యక్తి తన కాలపు గొప్ప పరిశీలకులలో ఒకడుగా పేరు పొందటం కూడా ఈయన జీవితంలోని విశేషమే.

బాల్యం

బర్నార్డ్ టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ పట్టణంలో జన్మించాడు. ఈయన పుట్టటానికి మూడు నెలల ముందే తండ్రి రూబెన్ మరణించాడు. తల్లి ఎలిజబెత్ మైనపు పువ్వులు చేసి అమ్ముతూ ఇద్దరు కొడుకులను పెంచింది. అమెరికా అంతర్యుద్ధం ఈ కుటుంబపు వాకిట్లోనే జరిగిందని చెప్పవచ్చు. 1864 డిసెంబర్ 15, 16 తేదీలలో నాష్‌విల్ యుద్ధం జరిగింది. రెండవ నాటికి ఈయనకు ఏడేళ్ళు నిండాయి. 1866లో పట్టణంలో కలరా వ్యాపించినప్పుడు ఆ వ్యాధి సోకి, చావు తప్పి బయటపడ్డాడు. తన బాల్యాన్ని గురించి మాట్లాడటానికి పెద్దయ్యాక కూడా ఇష్టపడేవాడు కాదు.

చదవటం, వ్రాయటం తల్లి వద్దనే నేర్చుకున్నాడు. వేసవి రాత్రులలో ఒక పాత బండి తొట్టిలో వెల్లకిలా పడుకొని నక్షత్రాలను చూడటం ఆ పిల్లవానికి అలవాటయింది. నడినెత్తిన తెల్లగా వెలిగే ఒక నక్షత్రం ప్రత్యేకంగా ఆకట్టుకున్నది. అది అభిజిత్ (వేగా) అని తెలిసింది ఎన్నో సంవత్సరాల తరువాత. చుట్టుపక్కల ఆ పేరు చెప్పగలిగినవారు ఎవరూ లేరు.

ఛాయాచిత్రశాలలో

తొమ్మిదేళ్ళు నిండకముందే తల్లి ఈయనను జాన్ వాన్ స్టావొరెన్ అనే ఛాయాచిత్రకారుని వద్ద పనికి చేర్చింది. అప్పటికి విద్యుద్దీపాలు లేవు. చిన్న ఛాయాచిత్రాన్ని పెద్దదిగా ముద్రించాలంటే సూర్యరశ్మియే ఆధారం. అందుకోసం వాన్ స్టావొరెన్ మేడపైన ఒక భారీ యంత్రాన్ని అమర్చాడు. దానికి జూపిటర్ అని పేరు. సూర్యుడు ఆకాశంలో కదులుతున్న కొద్దీ యంత్రం కూడా అటే తిరుగుతూ ఉండాలి, లేకపోతే ముద్ర చెడిపోతుంది. దానంతట అది తిరిగే ఏర్పాటు ఏదీ లేదు. కనుక ఒక మనిషి దాని పక్కనే నిలబడి, చక్రాలు తిప్పుతూ, వెలుగు బిందువు చెదరకుండా గంటల తరబడి కాపలా కాయాలి. అంతకుముందు ఈ పనికి పెట్టిన పిల్లలు ఎండలో నిద్రపోయేవారట. బర్నార్డ్ నిద్రపోలేదు.

తరువాతి కాలంలో ఆకాశ ఛాయాచిత్రాలు తీసేటప్పుడు ఈయన చేసినది కూడా సరిగ్గా ఇదే పని. సూర్యునికి బదులు ఒక నక్షత్రం, పగటికి బదులు రాత్రి, అంతే తేడా.

ఆ చిత్రశాలలో ఈయన సుమారు 17 సంవత్సరాలు పనిచేశాడు. రసాయనాల పనితనం, పలకలను కడగటం, కటకాల గుణదోషాలు అక్కడే ఒంటబట్టాయి. సాయంత్రం పని ముగించుకొని చీకట్లో ఇంటికి నడిచివెళ్ళే దారిలో పసుపుపచ్చని చుక్క ఒకటి మిగిలిన చుక్కల మధ్య రోజురోజుకూ కొద్దిగా జరుగుతున్నట్లు గమనించాడు. అది శనిగ్రహం. గ్రహం అంటే ఏమిటో ఏ పుస్తకంలోనూ చదవకుండానే, అది కదులుతున్నదని తన కంటితో తాను కనిపెట్టాడన్న మాట.

1876లో ఒక పరిచయస్తుడు రెండు డాలర్లు అప్పు అడిగి, హామీగా ఒక పుస్తకం వదిలి వెళ్ళాడు. అప్పు తిరిగి రాలేదు. ఆ రోజుల్లో రెండు డాలర్లు ఈయనకు చిన్న మొత్తం కాదు. కొంతకాలానికి పుస్తకం తెరచి చూస్తే అది స్కాట్లండుకు చెందిన థామస్ డిక్ వ్రాసిన ఖగోళ గ్రంథం. అందులో నక్షత్ర పటాలు ఉన్నాయి. పటాలను కిటికీ దగ్గర పట్టుకొని ఆకాశంతో పోల్చి చూడగా బండి తొట్టిలో పడుకొని చూసిన పాత నేస్తాలకు పేర్లున్నాయని తెలిసింది. అభిజిత్, శ్రవణం, హంస అన్నీ ఒక్క గంటలో పరిచయమయ్యాయి.

మొదటి దూరదర్శిని

చిత్రశాలలో తోటి ఉద్యోగి అయిన జేమ్స్ బ్రెయిడ్ ఒక చిన్న దూరదర్శినిని తయారుచేసి ఇచ్చాడు. దానితో తృప్తి కలగక బర్నార్డ్ న్యూయార్కులోని జాన్ బర్న్ అనే నిపుణుని వద్ద 5 అంగుళాల దూరదర్శినిని కొన్నాడు. (దూరదర్శిని కొలత అంటే దాని ముందు కటకపు వ్యాసం అని గ్రహించాలి.) వెల 380 డాలర్లు. అది ఈయన ఏడాది సంపాదనలో మూడింట రెండు వంతులు. తల్లిని పోషిస్తున్న యువకుడు ఇంత సొమ్ము ఒక దూరదర్శినిపై వెచ్చించటం తెలివైన పని అని ఆనాడు ఎవరూ అనుకొని ఉండరు.

1877లో అమెరికా శాస్త్రాభివృద్ధి సంఘం వార్షిక సభ నాష్‌విల్ లో జరిగింది. దేశంలోకెల్లా పేరున్న ఖగోళవేత్త సైమన్ న్యూకూంబ్ ఆ సభకు వచ్చాడు. దూరదర్శిని ఉన్నవాడు శాస్త్రానికి ఏ విధంగా ఉపయోగపడగలడని బర్నార్డ్ ఆయనను అడిగాడు. గణితం రానిదే ఏమీ సాధించలేవని, ముందు దూరదర్శినిని పక్కన పెట్టి గణితం నేర్చుకోమని న్యూకూంబ్ సలహా ఇచ్చాడు. తోకచుక్కలను వెతకటం వంటి పని అయితే చేయవచ్చని కూడా చెప్పాడు. ఇరవై ఏళ్ళు నిండని బర్నార్డ్ పక్కకు వెళ్ళి, ఆ భవనంలోని ఒక స్తంభం చాటున కన్నీళ్ళు పెట్టుకున్నాడు. సలహాను మాత్రం రెండు విధాలా పాటించాడు. గణితం చెప్పించుకోవటానికి ఒక ఉపాధ్యాయుని కుదుర్చుకున్నాడు. తోకచుక్కల వేట కూడా ప్రారంభించాడు. దూరదర్శినిని పక్కన పెట్టలేదు. అదృష్టం అనాలి.

తోకచుక్కల ఇల్లు

1881లో చిత్రశాలలో పనిచేసే చిత్రకారులైన కాల్వర్ట్ సోదరుల తోబుట్టువు రోడా కాల్వర్ట్ ను ఈయన వివాహం చేసుకున్నాడు. ఆమె ఇంగ్లండులోని యార్క్‌షైర్ నుండి వచ్చినది. వీరికి సంతానం లేదు.

అదే సంవత్సరం సెప్టెంబరులో ఈయన కనుగొన్న తోకచుక్కకు గుర్తింపు లభించింది. ఆ రోజుల్లో హెచ్. హెచ్. వార్నర్ అనే మందుల వ్యాపారి అమెరికాలో క్రొత్త తోకచుక్కను కనుగొన్నవారికి 200 డాలర్ల బహుమతి ఇచ్చేవాడు. ఆ సొమ్ముతో బర్నార్డ్ ఇల్లు కట్టుకోవటం మొదలుపెట్టాడు. అప్పు వాయిదా దగ్గర పడినప్పుడల్లా మరొక తోకచుక్క దొరికి గండం గడిచేది. అందువలన ఆ ఇంటికి కామెట్ హౌస్ అనే పేరు వచ్చింది. మొత్తం మీద ఈయన 15కు పైగా తోకచుక్కలను కనుగొన్నాడు.

1882 అక్టోబరులో జరిగిన సంగతి ఒకటి చెప్పుకోదగినది. ఆ సంవత్సరం మహా తోకచుక్క ఒకటి తెల్లవారుజామున కనబడుతూ ఉండేది. ఒక రాత్రి బర్నార్డ్ కు ఆకాశమంతా తోకచుక్కలతో నిండినట్లు కల వచ్చింది. మెలకువ వచ్చి దూరదర్శినిని ఆ దిక్కుకు త్రిప్పగా మహా తోకచుక్క పరిసరాలలో నిజంగానే చిన్న చిన్న తోకచుక్కల గుంపు కనిపించింది. ఆ మహా తోకచుక్క సూర్యునికి అతి సమీపంగా వెళ్ళి ముక్కలైనది కనుక ఇది నమ్మదగిన పరిశీలనే. కల సంగతి పాఠకుల ఇష్టం.

1883లో నాష్‌విల్ లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఈయనకు సంవత్సరానికి 300 డాలర్ల వేతనం, నివాసం ఇచ్చి తమ వేధశాలను అప్పగించింది. అక్కడ 6 అంగుళాల దూరదర్శిని ఉండేది. పని చేస్తూనే తరగతులకు హాజరయ్యాడు. 1884లో ధనుస్సు రాశిలో ఒక మసక మచ్చను కనుగొన్నాడు. ఎన్.జి.సి. 6822 అనే ఈ మచ్చ మన పాలపుంతకు వెలుపల ఉన్న ఒక చిన్న నక్షత్రమండలమని 1920లలో ఎడ్విన్ హబుల్ నిరూపించాడు. దానిని ఇప్పుడు బర్నార్డ్ గెలాక్సీ అంటారు.

లిక్ వేధశాల

కాలిఫోర్నియాలో హామిల్టన్ కొండపైన 36 అంగుళాల దూరదర్శినితో లిక్ వేధశాల నిర్మాణమవుతున్న కాలమది. ప్రపంచంలో అప్పటికి అంత పెద్ద కటక దూరదర్శిని మరొకటి లేదు. అక్కడ ఉద్యోగం ఇస్తామన్న మాట మీద 1887లో బర్నార్డ్ దంపతులు నాష్‌విల్ లోని ఉన్నదంతా అమ్ముకొని శాన్ ఫ్రాన్సిస్కో చేరారు. తీరా చూస్తే వేధశాల ఇంకా విశ్వవిద్యాలయం చేతికి రాలేదు, జీతాలు లేవు. కొన్ని నెలలపాటు ఈయన ఒక న్యాయవాది కార్యాలయంలో దస్తావేజులకు నకళ్ళు వ్రాస్తూ కాలం గడిపాడు. 1888 వేసవిలో వేధశాల పని ప్రారంభమైంది.

వేధశాల అధిపతి ఎడ్వర్డ్ హోల్డెన్ పెద్ద దూరదర్శినిని బర్నార్డ్ కు ఇవ్వలేదు. 12 అంగుళాల దూరదర్శినితో సరిపెట్టుకోవలసి వచ్చింది. వీరి మధ్య విభేదాలు తీవ్రమై కొన్ని సంవత్సరాలు కొనసాగాయి. చరిత్రకారులు హోల్డెన్ ను కఠినుడని అంటారు. బర్నార్డ్ సున్నిత మనస్కుడు, అవమానాన్ని మరచిపోలేనివాడు అన్నది కూడా నిజమే. 12 అంగుళాల దూరదర్శినితోనే 1889 నవంబరులో శనిగ్రహపు ఉపగ్రహం ఇయాపిటస్ ఆ గ్రహ వలయాల నీడలో నుండి వెళ్ళటాన్ని పరిశీలించాడు. లోపలి వలయం నీడలో ఉపగ్రహం పూర్తిగా మాయం కాలేదు కనుక ఆ వలయం పలుచనిదని, కాంతిని కొంతవరకు పోనిస్తుందని తేలింది.

1892 వేసవిలో పైఅధికారుల జోక్యంతో ఈయనకు వారానికి ఒక రాత్రి, శుక్రవారం, పెద్ద దూరదర్శిని దొరికింది. కొన్ని వారాలకే, సెప్టెంబర్ 9న, గురుగ్రహపు కాంతిని చూపు నుండి తప్పించి దాని పక్కనే వెతుకుతుండగా సన్నని వెలుగు చుక్క ఒకటి కనిపించింది. అది గ్రహంతో పాటు కదులుతున్నది. 1610లో గెలీలియో నాలుగు ఉపగ్రహాలను చూసిన తరువాత 282 ఏళ్ళకు అయిదవది దొరికింది. ఇది దాదాపు 12 గంటలలో గురుగ్రహాన్ని చుట్టివస్తుంది. కేవలం కంటితో దూరదర్శినిలో చూసి కనుగొన్న గ్రహ ఉపగ్రహాలలో ఇదే చివరిది. ఆ తరువాతివన్నీ ఛాయాచిత్రాల ద్వారా, అంతరిక్ష నౌకల ద్వారా దొరికినవే. ఈ ఆవిష్కరణతో బర్నార్డ్ పేరు ప్రపంచమంతటా వ్యాపించింది. ఫ్రాన్సు శాస్త్ర అకాడమీ లాలాండ్ బహుమతి ఇచ్చింది. చదువు మధ్యలో వదిలివచ్చిన వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 1893లో గౌరవ పట్టా ప్రదానం చేసింది.

పేరుతో పాటు చిక్కులు కూడా వస్తాయి. 1891 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కో పత్రిక ఒకటి బర్నార్డ్ తోకచుక్కలను తనంతట తానే కనిపెట్టే యంత్రాన్ని తయారుచేశాడని పెద్ద కథనం ప్రచురించింది. అంతా కల్పితం. దూరదేశాల నుండి ఖగోళవేత్తలు సైతం నమ్మి విచారించారు. ఈయన ఖండనను వేయటానికి పత్రిక చాలాకాలం ఒప్పుకోలేదు. ప్రతి తోకచుక్కను తన కళ్ళతో వెతికి పట్టుకున్న మనిషికి ఈ వేళాకోళం ఎంత బాధ కలిగించి ఉంటుందో ఊహించవచ్చు.

అంగారకునిపై కాలువలున్నాయన్న వాదం ఆ కాలంలో జోరుగా సాగుతున్నది. బర్నార్డ్ 36 అంగుళాల దూరదర్శినితో అంగారకుని నిశితంగా చూసి, చెప్పలేనన్ని సూక్ష్మ వివరాలు కనిపిస్తున్నాయి గాని సరళరేఖల కాలువలు మాత్రం లేవని తేల్చాడు. తరువాతి కాలం ఈయన కంటినే సమర్థించింది.

పాలపుంత ఛాయాచిత్రాలు

ఆనాటి ఖగోళవేత్తలు పెద్ద దూరదర్శినులతో ఆకాశంలో చిన్న చిన్న భాగాలను చూసేవారు. పాలపుంత వంటి విశాలమైన వస్తువు వాటిలో ఇమడదు. బర్నార్డ్ కు ఇందుకు ఉపాయం పాత వృత్తిలో దొరికింది. మనుషుల చిత్రాలు తీయటానికి ఛాయాచిత్రశాలలలో వాడే పెద్ద కటకం అయితే విశాలమైన ప్రదేశాన్ని ఒకేసారి, తక్కువ వ్యవధిలో, ప్రకాశవంతంగా చూపిస్తుంది. విల్లార్డ్ కటకం అని పేరు గల 6 అంగుళాల పాత కటకం ఒకటి 1889 జనవరి 1 నాటి సూర్యగ్రహణం కోసం లిక్ వేధశాలకు వచ్చి ఉన్నది. దానిని ఒక చెక్క పెట్టెకు బిగించి, 6.5 అంగుళాల దూరదర్శినికి కట్టి, 1889 ఆగస్టు నెలలో పాలపుంత వైపు త్రిప్పాడు.

ఇక్కడ పని విధానం కొంత వివరించాలి. భూమి తిరుగుతుంది కనుక ఆకాశం నెమ్మదిగా జరిగిపోతూ ఉంటుంది. దూరదర్శినిని గడియారం వంటి యంత్రం ఎదురు త్రిప్పుతుంది గాని దాని నడక ఎంతో కొంత తప్పుతుంది. అందువలన పరిశీలకుడు మార్గదర్శక దూరదర్శినిలో ఒక నక్షత్రాన్ని సాలెపోగుల వంటి సన్నని తీగల కూడలిలో పెట్టుకొని, అది రవ్వంత జరిగినా చేతితో సరిచేస్తూ ఉండాలి. మూడు, నాలుగు గంటలు కన్ను తీయరాదు. గది వెచ్చగా ఉంచటానికి వీలులేదు, ఎందుకంటే వేడిగాలి దృశ్యాన్ని కదిలిస్తుంది. ఇంత శ్రమ పడ్డా ఒక మబ్బు తునక వస్తే రాత్రి వృథా.

పలకలు కడిగి చూడగా అంతవరకు ఎవరూ చూడని పాలపుంత బయటపడింది. నక్షత్రాలు మేఘాల వలె గుట్టలుగా పేరుకొని, వాటి మధ్య నల్లని దారులు, పాయలు, గుంటలు కనిపించాయి. తోకచుక్కల తోకలు రాత్రికి రాత్రి తెగి, వంగి, మరల పుట్టటం కూడా ఈ చిత్రాలలోనే మొదటిసారి స్పష్టంగా నమోదయింది. 1892 అక్టోబరులో ఒక పలకపైన మసక గీత కనిపించింది. అది ఛాయాచిత్రం ద్వారా కనుగొన్న మొట్టమొదటి తోకచుక్క. తరువాత అది తప్పిపోయి, 2008లో తిరిగి దొరికింది. మృగవ్యాధుని (ఓరియన్) నక్షత్రరాశిని చుట్టి ఉన్న పెద్ద వెలుగు వలయాన్ని 1894లో చిత్రీకరించాడు. అది ఇప్పుడు బర్నార్డ్ వలయంగా ప్రసిద్ధం.

ఈ చిత్రాల గ్రంథం వెలువడటానికి మాత్రం 1913 వరకు పట్టింది. ముద్రణలో నక్షత్ర మేఘాల సున్నితత్వం పోతున్నదని ఈయన ఏ ముద్రనూ ఒప్పుకోకపోవటం ఆలస్యానికి ఒక కారణం.

యెర్కెస్, విల్సన్ కొండ

1895లో బర్నార్డ్ షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యెర్కెస్ వేధశాలకు మారాడు. ఇది విస్కాన్సిన్ రాష్ట్రంలో విలియమ్స్ బే అనే ఊరిలో ఉన్నది. ఇక్కడి 40 అంగుళాల దూరదర్శిని ప్రపంచంలోని కటక దూరదర్శినులన్నింటిలోనూ పెద్దది. 1897 మే నెలలో ఒక ఉదయం ఆ గది నేల (పైకి క్రిందికి కదిలే ఏర్పాటు గల భారీ నేల) తెగి కూలిపోయింది. దానిపై నిలబడి పరిశీలన చేసిన బర్నార్డ్ కొన్ని గంటల ముందే అక్కడ నుండి వెళ్ళాడు. ఆ సంవత్సరమే లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ స్వర్ణ పతకం ఈయనకు లభించింది. విస్కాన్సిన్ చలికాలపు రాత్రులలో, సున్నాకు ఎంతో దిగువన ఉన్న చలిలో కూడా, దూరదర్శినిని వదిలేవాడు కాదు.

కేథరిన్ బ్రూస్ అనే దాత ఇచ్చిన 7,000 డాలర్లతో ఈయన కోరిన ఛాయాచిత్ర దూరదర్శిని 1904 నాటికి సిద్ధమైంది. దీనిలో 10 అంగుళాల కటకం, 6.25 అంగుళాల కటకం, మార్గదర్శనానికి 5 అంగుళాల దూరదర్శిని ఒకే స్తంభంపై ఉంటాయి. పాలపుంతలోకెల్లా దట్టమైన భాగం ధనుస్సు, వృశ్చిక రాశులలో ఉన్నది. విస్కాన్సిన్ నుండి చూస్తే ఆ భాగం దక్షిణ దిక్కున దిగంతానికి చేరువగా, పొగమంచులో ఉంటుంది. అందుకని 1905లో దూరదర్శినిని కాలిఫోర్నియాలోని విల్సన్ కొండకు తీసుకువెళ్ళి, జనవరి మొదలు సెప్టెంబరు వరకు అక్కడే పనిచేశాడు. ఖర్చు జాన్ హుకర్ అనే లాస్ ఏంజెలస్ వ్యాపారి భరించాడు. తరువాత వెలువడిన పటాల గ్రంథంలో 40 చిత్రాలు ఆ తొమ్మిది నెలలలో తీసినవే. (మన తెలుగు ప్రాంతాల నుండి ధనుస్సు రాశి విల్సన్ కొండపై కన్నా ఎంతో ఎత్తున, ఆకాశంలో సగం దాకా వస్తుంది. దీపాలు లేని పల్లెలలో జూలై, ఆగస్టు నెలలలో మబ్బు లేని రాత్రి చూసినవారికి పాలపుంతను రెండుగా చీల్చే నల్లని పాయ కంటికే కనిపిస్తుంది.)

గ్రహణాల విషయంలో అదృష్టం అన్నిసార్లూ కలిసి రాలేదు. 1901లో సూర్యగ్రహణం కోసం సుమత్రా దీవి దాకా ప్రయాణం చేశాడు. ఆ రోజు మబ్బు పట్టింది.

నల్లని మచ్చలు

విలియం హెర్షెల్ కాలం నుండి ఈ నల్లని భాగాలను నక్షత్రాలు లేని ఖాళీలుగా భావించేవారు. బర్నార్డ్ కూడా మొదట అలాగే అనుకున్నాడు. 1890ల ప్రారంభంలోనే లండనులో నాలెడ్జ్ అనే పత్రికకు సంపాదకుడైన ఆర్థర్ రాన్యార్డ్, బర్నార్డ్ చిత్రాలను ప్రచురిస్తూ, ఇవి కాంతిని అడ్డుకుంటున్న పదార్థం కావచ్చునని సూచించాడు. తాను తీసిన చిత్రాలను గురించి మరొకరు చెప్పిన ఈ అర్థాన్ని బర్నార్డ్ అంగీకరించలేదు.

ఖాళీల వాదంలో ఒక ఇబ్బంది ఉన్నది. పాలపుంతలో నక్షత్రాలు ఎంతో లోతు వరకు పొరలు పొరలుగా ఉన్నాయి. ఒక చోట ఆ పొరలన్నిటి గుండా ఖాళీ కనబడాలంటే అది ఒక పొడవైన సొరంగం కావాలి. ఆ సొరంగం సరిగ్గా మన వైపు తిరిగి ఉండాలి. ఒకటి, రెండు ఉంటే కాకతాళీయం అనవచ్చు. పలకలపై వందలకొద్దీ కనిపిస్తున్నాయి. అన్ని సొరంగాలూ భూమినే గురి చూస్తున్నాయా?

అయినా ఈయన తొందరపడలేదు. విల్సన్ కొండపై తీసిన సర్పధారి (ఓఫియూకస్) నక్షత్రరాశి చిత్రాలలో వెలుగు నీహారిక క్రమంగా మసకబారి, అక్కడ నుండే నల్లని పాయలుగా సాగటం కనిపించింది. 1907లో తీసిన వృషభరాశి చిత్రంలో నల్లని దారుల అడుగున సన్నని మసక పదార్థం ఉన్నట్లు తోచింది. ఖాళీ అయితే దానికి ఇటువంటి అంచులు ఎందుకు ఉంటాయి అన్న అనుమానం మొదలైంది. జర్మనీలోని హైడెల్బర్గ్ నగరంలో మాక్స్ వోల్ఫ్ కూడా ఇటువంటి చిత్రాలే తీస్తూ ఇదే విషయమై ఆలోచిస్తున్నాడు.

1913 వేసవిలో వెన్నెల లేని ఒక రాత్రి బర్నార్డ్ దక్షిణ దిక్కున పాలపుంతను చూస్తున్నాడు. కొన్ని చిన్న మబ్బులు ధనుస్సు రాశిలోని ప్రకాశవంతమైన నక్షత్ర మేఘాల మీదుగా తేలిపోతున్నాయి. వెలుగుకు అడ్డంగా వచ్చినప్పుడు ఆ మబ్బులు సిరాచుక్కల వలె నల్లగా, స్పష్టమైన అంచులతో కనిపించాయి. తన పలకలపై ఉన్న మచ్చలకూ వీటికీ తేడా లేదు. అన్నేళ్ళుగా ఏ మబ్బు వలన రాత్రులు పాడవుతున్నాయో, ఆ మబ్బే సమాధానం చెప్పిందన్న మాట. ఈ అనుభవాన్ని ఈయన 1916లో ప్రచురించిన వ్యాసంలో వర్ణించాడు.

1919లో 182 నల్లని మచ్చల జాబితాను ప్రకటించాడు. అప్పటికి కూడా ప్రతి మచ్చా పదార్థమే అని అనలేదు. అధిక భాగం అటువంటివని మాత్రం ఒప్పుకున్నాడు. తుది జాబితాలో ఇవి 349కి పెరిగాయి. వీటిని బర్నార్డ్ సంఖ్యలతో నేటికీ గుర్తిస్తారు. గుర్రపు తల ఆకారంలో ఉండే ప్రసిద్ధమైన నీహారిక బర్నార్డ్ 33. (దీనిని పలకపై మొదట గుర్తించినది 1888లో హార్వర్డ్ లోని విలియమినా ఫ్లెమింగ్.) నక్షత్రాల మధ్య ప్రదేశమంతటా కాంతిని తగ్గించే ధూళి ఉన్నదని 1930లో రాబర్ట్ ట్రంప్లర్ లెక్కలతో నిరూపించాడు. ఈ నల్లని మేఘాలు వాయువు, ధూళితో కూడి అతి చల్లగా ఉంటాయని, నక్షత్రాలు పుట్టేది ఇటువంటి చోటనే అని ఇప్పుడు తెలుసు. బర్నార్డ్ 68 అనే మేఘాన్ని పరారుణ కాంతిలో చిత్రించినప్పుడు దాని వెనుక ఉన్న నక్షత్రాలు కనిపించాయి.

బర్నార్డ్ నక్షత్రం

1916లో ఈయన సర్పధారి రాశిలోని ఒక ప్రాంతం కొత్త పలకను 1894 నాటి తన పాత పలకతో పోల్చుతున్నాడు. ఒక మసక నక్షత్రం ఉండవలసిన చోట లేదు. పక్కన మరొక చోట ఉన్నది. ఏడాదికి 10.3 వికలల చొప్పున అది జరుగుతున్నది. ఈ లెక్కన సుమారు 175 సంవత్సరాలలో పూర్ణచంద్రుని వెడల్పు అంత దూరం కదులుతుంది. మనకు తక్కువ అనిపించినా నక్షత్రాలలో ఇంతకు మించిన వేగం మరి దేనికీ లేదు. ఇది దాదాపు 6 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎర్రని చిన్న నక్షత్రం. కంటికి కనబడదు. దీనికి గ్రహాలున్నాయని 1960లలో వెలువడిన వాదన తప్పని తేలింది. 2024లో ఒక చిన్న గ్రహం, 2025లో మరి మూడు ఉన్నట్లు ఖగోళవేత్తలు ప్రకటించారు.

చివరి సంవత్సరాలు

1914లో ఈయనకు మధుమేహం ఉన్నట్లు తెలిసింది. ఇన్సులిన్ అప్పటికి ఇంకా లేదు. వేధశాల అధిపతి ఎడ్విన్ ఫ్రాస్ట్ కొంతకాలం రాత్రి పరిశీలనలు మాన్పించాడు. స్వస్థత కలగగానే మళ్ళీ మొదలుపెట్టాడు. 1917లో పసిఫిక్ ఖగోళ సంఘం వారి బ్రూస్ పతకం లభించింది. 1921 మే నెలలో భార్య రోడా మరణించింది. ఆమె మేనకోడలు మేరీ కాల్వర్ట్ 1905 నుండి ఈయనకు సహాయకురాలిగా ఉంటూ లెక్కలు, పలకల పని చూసేది.

ఈ కాలంలో ఈయన ధ్యాస అంతా పాలపుంత పటాల గ్రంథం పైనే. అచ్చు యంత్రంపై ముద్రిస్తే వివరాలు పోతాయని, ప్రతి పటం నిజమైన ఛాయాచిత్రపు ముద్రగానే ఉండాలని పట్టుబట్టాడు. 700 ప్రతుల కోసం 35,700 ముద్రలు తయారయ్యాయి. వాటన్నింటినీ స్వయంగా ఒక్కొక్కటిగా పరీక్షించి, నచ్చనివి తిరస్కరించాడు. గ్రంథం పూర్తి కాకముందే 1923 ఫిబ్రవరి 6న విలియమ్స్ బేలో మరణించాడు. నాష్‌విల్ లోని మౌంట్ ఆలివెట్ శ్మశానంలో భార్య సమాధి పక్కన సమాధి చేశారు.

మిగిలిన వివరణలు, పట్టికలు ఫ్రాస్ట్, మేరీ కాల్వర్ట్ పూర్తిచేయగా 1927లో వాషింగ్టనులోని కార్నెగీ సంస్థ ఆ గ్రంథాన్ని రెండు భాగాలుగా ప్రచురించింది. ప్రతులు తక్కువ కావటంతో చాలాకాలం అది కొద్ది గ్రంథాలయాలలోనే లభ్యమయ్యేది. 2011లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం పునర్ముద్రించింది.

చంద్రునిపై ఒక బిలానికి, అంగారకునిపై మరొక బిలానికి బర్నార్డ్ పేరు పెట్టారు. బర్నార్డియానా అనే 819వ గ్రహశకలం కూడా ఈయన పేరున ఉన్నదే.